కొత్త రంగేసిన పాత సైన్యం

మొన్న సెలవుల్లో మా తమ్ముడితో కలిసి 'ఆర్మీ మెన్: సార్జెస్ హీరోస్' మళ్ళీ మొదలుపెట్టాను. టెన్త్‌లో నేనాడింది నింటెండో 64 వెర్షన్, 1999 నాటిది. ఈసారి ఆడింది 2000లో వచ్చిన డ్రీమ్‌కాస్ట్ వెర్షన్. రెండూ ఎమ్యులేటర్ మీదే లెండి, అసలు కన్సోళ్ళు కొనే స్తోమత మనకెక్కడిది!

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఆకుపచ్చ ప్లాస్టిక్ సైనికులకీ, మట్టిరంగు సైనికులకీ యుద్ధం. అవతలి నాయకుడు జనరల్ ప్లాస్ట్రో. మన సార్జ్ చెల్లాచెదురైన తన జట్టుని ఒక్కొక్కరినీ విడిపించుకోవాలి. మధ్యలో ఈ బొమ్మలు మనుషుల ప్రపంచంలోకి, అంటే బాత్‌రూమ్‌లోకీ వంటింట్లోకీ వచ్చిపడతాయి.

గేమ్ ప్రాణమంతా ఆ వంటింట్లోనే ఉందని నా అభిప్రాయం. అడవిలోనో మంచులోనో నడుస్తుంటే సార్జ్ మామూలు సైనికుడే. వంటింట్లోకి రాగానే వాడు వేలెడంత బొమ్మ అని గుర్తొస్తుంది. ఆ చిన్నతనం తెలియాలంటే చుట్టూ ఉన్నవి ఎంత పెద్దవో స్పష్టంగా కనబడాలి. పాత వెర్షన్‌లో అన్నీ మసకమసకే. కొత్తదాంట్లో బొమ్మలు తేటగా ఉన్నాయి, మొదటిసారి నాకు నిజంగా నేలమీంచి తలెత్తి చూస్తున్నట్టనిపించింది. గ్రాఫిక్స్ పెరిగితే ఏమొస్తుంది అనేవాళ్ళకి ఇదే నా జవాబు.

కానీ మెరుగు పైపైనే. గోడ దగ్గరకెళ్తే కెమెరా అప్పుడూ ఏడిపించింది, ఇప్పుడూ ఏడిపిస్తోంది. గురి కుదరదు. డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌కి ఉన్నది ఒక్కటే అనలాగ్ స్టిక్. మన ప్యాడ్‌కి రెండోది ఉన్నా, దాన్నేం చేసుకోవాలో గేమ్‌కి తెలియదు! సీనియర్ల మినీ ప్రాజెక్ట్‌కి కొత్త యూఐ తగిలించి వైవాకి వెళ్ళే బాపతు (నేనూ వెళ్ళాను, ఒప్పుకుంటున్నా). 3డీవో సంస్థ అప్పట్లో ఊపిరి తీసుకోకుండా ఆర్మీ మెన్ గేములు దింపుతూపోయింది. ఒక్కదాని మీద ఇంకో ఆర్నెల్లు కూర్చుని ఉంటే బాగుండేది. 2003లో ఆ సంస్థే దివాలా తీసింది.

ఇన్ని తిట్టాక కూడా ఆడమనే చెప్తాను. కారణం మంటలు. ఇందులో ఫ్లేమ్‌త్రోయర్ తగిలితే సైనికుడు చావడు, కరుగుతాడు. అది చూడగానే మా తమ్ముడు ఆట ఆపేశాడు.

"అన్నా, ఇది నువ్వు చేసిందే కదా!"

నిజమే. చిన్నప్పుడు జాతరలో కొన్న ప్యాకెట్‌లోంచి వాడికిష్టమైన బొమ్మని నేను డాబా మీద అగ్గిపుల్లతో కరిగించాను. సైన్స్ ప్రయోగం అని నాన్నకి చెప్పాను. వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ నాకది నవ్వొచ్చే కథ. స్క్రీన్ మీద సార్జ్ కరిగేసరికి, ఆ బొమ్మ ఎత్తునుంచి చూస్తే నేనెలా కనబడ్డానో మొదటిసారి అనిపించింది. పాత వెర్షన్ మసకలో ఇది నాకు తట్టనే లేదు.

వాడు మళ్ళీ ప్యాడ్ తీసుకున్నాడు. ఫ్లేమ్‌త్రోయర్ దొరికిన ప్రతిచోటా దాన్ని ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్ళాడు. నేనేమీ అనలేదు.