ఇరవై నిమిషాల దూరం

కృష్ణవేణి సముద్రుని చేరుకునే చోట హంసలదీవి ఉంది. జనుల పాపాలు సోకి నల్లని కాకి రూపం దాల్చిన గంగ, ఇక్కడి సంగమంలో మునిగి తెల్లని హంసగా మారిందని స్థలపురాణం చెబుతుంది. మాఘ పౌర్ణమినాడు వేలాది భక్తులు సాగరసంగమంలో స్నానమాడి వేణుగోపాలస్వామిని దర్శించుకుంటారు. ఇటువంటి ఉత్సవాలలో వైద్య శిబిరంతో పాటు ఒక అగ్నిమాపక శకటాన్ని సిద్ధంగా నిలపడం రాష్ట్రంలో ఆనవాయితీ. తిరునాళ్ళు ముగిసిన మరునాడు శకటం వెనుదిరుగుతుంది. తాటాకు కప్పులూ, గడ్డివాములూ, వంటింటి పొయ్యిలూ మాత్రం సంవత్సరమంతా ఆ ఊళ్ళలోనే ఉంటాయి.

దివిసీమకు ముఖ్యపట్టణం అవనిగడ్డ. అగ్నిమాపక కేంద్రం ఉన్నది అక్కడ. దాని తరువాత చెప్పుకోదగినవి మచిలీపట్నం, గుడివాడ కేంద్రాలు. అవనిగడ్డ నుండి కోడూరు మీదుగా హంసలదీవికి సుమారు పాతిక కిలోమీటర్లు. దేశంలో అగ్నిమాపక సేవలకు ప్రమాణాలు సూచించే స్థాయీ సలహా మండలి, ప్రమాదస్థలానికి శకటం పట్టణాలలో 5 నుండి 7 నిమిషాలలోను, గ్రామాలలో 20 నిమిషాలలోను చేరాలని నిర్దేశించింది. కాలువగట్ల వెంట మలుపులు తిరిగే ఇరుకు దారిలో, వేల లీటర్ల నీటి బరువు మోస్తూ, ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే ఆగుతూ పోయే బండి గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని నిలుపుకోవడమే గొప్ప. ఆ లెక్కన పాతిక కిలోమీటర్లకు దాదాపు 40 నిమిషాలు పడుతుంది. ఎండిన తాటాకిల్లు కాలడానికి అందులో సగం సమయం చాలు.

అందుకే పల్లెలలో ఒక ఎత్తిపొడుపు పుట్టింది: ఫైరింజను వచ్చేది బూడిద చల్లార్చడానికేనట! మాట చమత్కారంగానే ఉంది కాని న్యాయంగా లేదు. ఫోను గంట మోగిన మరుక్షణమే బయలుదేరడానికి స్టేషన్ ఫైర్ ఆఫీసరు, లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటరు, ఫైర్‌మన్లు రేయింబవళ్ళు వంతులవారీగా కాచుకొని ఉంటారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాలూ, పత్తి బేళ్ళూ మోసుకువచ్చిన ఓడ అంటుకొన్నప్పుడు, మంటలార్పబోయి అగ్నిమాపక సిబ్బంది అనేకులు ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిగానే ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. అటువంటి వృత్తిలో ఉన్నవారిని ఆలస్యానికి నిందించేముందు, ఆ ఆలస్యం ఎక్కడ పుట్టిందో చూడాలి. అది సిబ్బంది నిర్లక్ష్యంలో పుట్టలేదు; కేంద్రాలను ఎక్కడెక్కడ నెలకొల్పాలో నిర్ణయించిన లెక్కలలో పుట్టింది. జనసాంద్రత, భవనాల ఎత్తు, వాణిజ్యం – ఇవన్నీ నగరాన్ని కొలిచే కొలబద్దలు. రాజ్యాంగపు పన్నెండవ షెడ్యూలు సైతం అగ్నిమాపక సేవలను పురపాలక సంస్థల విధులలోనే పేర్కొన్నది. డెల్టా కొసన ఉన్న పల్లె ఆ కొలతలలో ఎప్పుడూ చివరికే వస్తుంది.

దూరం తరువాతి చిక్కు నీరు. నీటి నడుమ బతికే దివిసీమలో నీటి కొరత అంటే కొత్తవారికి నవ్వు రావచ్చు. సాధారణంగా ఒక శకటం తెచ్చే నీరు 4,500 లీటర్లు. పంపు పూర్తి శక్తితో చిమ్మితే అది రెండు మూడు నిమిషాల పని. ఆ తరువాత లావుపాటి గొట్టాన్ని కాలువలోనో చెరువులోనో దించి నీటిని తోడుకోవాలి. నీటిమట్టం పంపుకు ఏడు మీటర్లకు మించి దిగువన ఉంటే గొట్టం లాగలేదు. కృష్ణా డెల్టా కాలువలను వేసవిలో కట్టివేస్తారు. సార్వాకు నీరు వదిలేదాకా కాలువ అడుగున పగుళ్ళే కనిపిస్తాయి. సరిగ్గా ఆ నెలలలోనే ఎండ మండుతుంది, వడగాలి వీస్తుంది, కోతలైన గడ్డి వాములుగా ఇళ్ళ పక్కన చేరి ఉంటుంది. వారోత్సవాలు వచ్చేదీ అప్పుడే. చెరువులలో తాగునీరు నింపి ఉంచుతారు గనుక అంతో ఇంతో ఆధారం దొరుకుతుంది. కాని చెరువుగట్టు మీదికి బరువైన బండి వెళ్ళే దారి ఉండాలి. సముద్రం చేరువలోనే ఉన్నా ఉప్పునీరు పంపు భాగాలను తినివేస్తుంది. వాడిన వెంటనే మంచినీటితో కడగాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు అనే సామెత ఈ సీమలో అక్షరసత్యంగా పరిణమించడం విచారకరం.

గడ్డివాము సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పైపైన నీళ్ళు పోస్తే మంట అణిగినట్లు కనిపించి, లోపల రాజుకుంటూనే ఉంటుంది. వామును పంగల కర్రలతో విడదీసి, పొర పొరనూ తడపాలి. ఈ పని శకటం కంటె నేర్పు గల నాలుగు చేతులు బాగా చేయగలవు. వాము పోతే రైతు పశువులకు ఏడాది మేత పోయినట్లే. పాక కాలిందని వార్త రాయవచ్చు, వాము కాలిందని ఎవరూ రాయరు.

నిప్పు స్వభావం కూడా మారింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి పదివేల మందికి పైగా ప్రాణాలను బలిగొన్న తరువాత, గుడిసెల స్థానంలో పక్కా ఇళ్ళు పెరిగాయి. కట్టెల పొయ్యి పక్కకు గ్యాసు సిలిండరు వచ్చింది. రొయ్యల చెరువుల గట్ల మీదికి విద్యుత్తు తీగలు పాకాయి. తాటాకు మంటను చూచి పెరిగిన పెద్దలకు గ్యాసు మంటతో ఎలా మెలగాలో తెలియదు. విద్యుత్తు సరఫరా ఆపకుండా తీగల మంట మీద నీళ్ళు చల్లరాదన్న సంగతి ఎందరికి తెలుసు?

అగ్నిమాపక శాఖ పని మంటలతో ముగియదు. ఇప్పుడు దాని పూర్తి పేరులో విపత్తు ప్రతిస్పందన అన్న మాట ముందు చేరింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పటి వంటి సందర్భాలలో, రోడ్లకు అడ్డంగా కూలిన చెట్లను యంత్రపు రంపాలతో కోసి తొలగించేదీ ఈ సిబ్బందే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీసిన తరువాత విజయవాడ ఇళ్ళలో పేరుకున్న బురదను కడిగినవి ఫైరింజన్లే. అదే వరదలో ప్రకాశం బరాజు నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం దిగువకు సాగింది. ఆ నీరంతా చివరకు చేరింది దివిసీమ లంకల మధ్యకే.

గ్రామానికొక అగ్నిమాపక కేంద్రం కావాలని కొందరు కోరుతారు. వినడానికి బాగుంటుంది. ఇరవై నాలుగు గంటలూ సిబ్బందిని నిలిపి, ఏడాదికి కొద్ది పిలుపులు వచ్చే చోట పెద్ద కేంద్రాన్ని నడపడం ఏ ప్రభుత్వానికైనా భారమే. అలాగని నగరాలలో బహుళ అంతస్తుల భవనాలకు అందే ఎత్తైన నిచ్చెనల బండ్లు కొని, ఆధునికీకరణ జరిగిందనడం కూడా సగం మాటే. రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించింది. అటువంటి నిధులలో కొంత వాటా కాలువ కొసన ఉన్న పల్లెలకు చెందాలి. కోడూరు, నాగాయలంక వంటి చోట్ల నీటిని తుంపరగా చిమ్మే చిన్న వాహనాలు ఉంటే చాలు. తుంపర త్వరగా వేడిని పీల్చుకుంటుంది గనుక కొద్ది నీటితోనే తొలి మంటను నిలువరించవచ్చు. తుపాను ఆశ్రయ భవనాలు ఎలాగూ ఉన్నాయి. వాటిలో గొట్టాలు, కొక్కేలు, తాళ్ళు భద్రపరచవచ్చు. ప్రతి ఊరి చెరువుకూ ఒక పక్క గట్టిదారి వేసి, వేసవికి ముందే సిబ్బంది వచ్చి చూచి వెళ్ళాలి. ఊరి యువకులు పదిమందికి ఏటా శిక్షణ ఇస్తే, 101కి ఫోను చేసినప్పటి నుండి శకటం వచ్చేలోపు గడిచే ఆ 40 నిమిషాలూ చేతులు కట్టుకొని నిలబడవలసిన అగత్యం ఉండదు.

నాగాయలంక అవతల ఎదురుమొండి దీవులున్నాయి. అక్కడివారికి చిరకాలంగా పడవ, పంటులే దిక్కు. రాత్రివేళ పంటు నడవని సమయంలో అక్కడ మంట లేస్తే అవనిగడ్డ శకటం ఎంత వేగంగా వచ్చినా ఏటి ఒడ్డున ఆగవలసిందే. ఇద్దరు మోయగల చిన్న పంపును మాత్రం చేపల పడవలోనైనా ఆవలి గట్టుకు చేర్చవచ్చు. ముందే అక్కడ ఉంచితే ఏరు దాటవలసిన పనే లేదు.