పిల్లలకు చెప్పుకునే చోటు కావాలి

ఫోన్‌లో ఎవరో వేధిస్తున్నారని ఆడపిల్ల ఇంట్లో ఎందుకు చెప్పదు? చెబితే ముందు ఫోను లాక్కుంటారు, ఆపైన బడి మాన్పిస్తారని భయం. ఈ భయం పోగొట్టనిదే ఆన్‌లైన్ వేధింపులకు అడ్డుకట్ట పడదు.

ఎన్టీఆర్ జిల్లాలోని కీసర, కంచికచర్ల, నందిగామ పల్లెల్లో పత్తి, మిరప పనులకు పోయిన తల్లిదండ్రులు పొద్దుగూకాకే ఇల్లు చేరతారు. ఈలోగా తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరి ఫొటో మార్చి పెట్టారో, దొంగ ఖాతాతో ఎవరిని తిట్టారో వాళ్లకెలా తెలుస్తుంది? బడికి తెలిస్తే ప్రార్థనలో నిలబెట్టి చీవాట్లు, లేదంటే చేతికి టీసీ. అవమానపడ్డ కుర్రాడు ఆ కసి మళ్లీ ఫోన్‌లోనే తీర్చుకుంటాడు.

కావాల్సింది శిక్ష కాదు, వినే మనిషి. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై స్పష్టమైన మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలి. అంతకన్నా చిన్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. తగిన చట్టం వచ్చేదాకా వీటిని పాటించి తీరాల్సిందే.

కౌన్సెలింగంటే ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపించడం కాదు. బాధపడ్డ బిడ్డతో విడిగా, గుట్టుగా మాట్లాడాలి. బాధపెట్టినవాడు తన తప్పు తెలుసుకుని దిద్దుకునేలా చూడాలి. గ్రూపులో నవ్వి ఊరుకున్నవాళ్లను అండగా నిలిచేవాళ్లుగా మార్చాలి. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘కివా’ అనే వేధింపుల నివారణ కార్యక్రమానికి పట్టుకొమ్మ ఈ మూడో పనే. చూసేవాళ్లు మెచ్చకపోతే వేధించేవాడికి బలం ఉండదు.

అసభ్య చిత్రాలు, బెదిరింపుల దాకా వస్తే రాజీ మాటే వద్దు. స్క్రీన్‌షాట్లు దాచి పోలీసులకు చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ఉన్నది అందుకే.

ఎన్టీఆర్ జిల్లా విద్యాశాఖ ఇక జాగు చేయకూడదు. ప్రతి ఉన్నత పాఠశాలకూ కౌన్సెలర్‌ను నియమించాలి. చిన్న బడులకు మండలానికొకరిని ఇచ్చి, వారంలో ఏ రోజు ఏ బడికి వస్తారో ముందే చెప్పాలి. లెక్కల మాస్టారికి అదనపు పనిగా అంటగడితే కుదరదు. 1098 (పిల్లల సహాయం), 14416 (మానసిక ఆరోగ్యం), 1930 (సైబర్ నేరాలు) నంబర్లు బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కులతోపాటు ఈ సంగతీ మాట్లాడాలి.

తల్లిదండ్రులు కూడా ఒక్క మాట ఇవ్వాలి: ‘చెప్పమ్మా, నీ చదువు ఆగదు.’ ఆ మాట వినబడిన ఇంట్లో పిల్ల నోరు విప్పుతుంది.