పీఠం దిగే వేళ

పర్ణశాల చూడబోయిన వాళ్ళకు అక్కడివాళ్ళు సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులు చూపిస్తారు, పసుపు కుంకుమల రాళ్ళు చూపిస్తారు, మాయలేడి కథ చెబుతారు. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, ఒక రాజకుమారుడు ఆకుల పాక వేసుకొని ఎందుకు బతకాల్సి వచ్చిందయ్యా అంటే మాత్రం అందరం కైకనే తిడతాం. కానీ కథ కైకతో మొదలు కాలేదు. ఒక ముసలి రాజు తన ఒళ్ళు అలిసిపోయిందనీ, ఇక విశ్రాంతి కావాలనీ అనుకోవడంతో మొదలైంది.

దశరథుడి నిర్ణయం మంచిదే. వాల్మీకి చెప్పిన ప్రకారం ఆయన సభ పిలిచాడు, పెద్దల్నీ ప్రజల్నీ అడిగాడు, వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. మరి ఎక్కడ చెడింది? ఆఖరి ఘడియలో తొందరపడ్డాడు. పీడకలలు వస్తున్నాయని భయపడి, భరతుడు మేనమామ ఇంట్లో ఉండగానే, తెల్లవారితే పట్టాభిషేకం అన్నాడు. కేకయరాజుకూ జనకుడికీ కబురైనా పంపలేదు. కైకకు ఆ వార్త దాసి నోట తెలిసింది. దిగిపోవాలనుకోవడం వేరు, దిగే పద్ధతి వేరు అని మన పక్కనున్న పర్ణశాలే సాక్ష్యం చెబుతోంది గదా!

రాజు కంటే గురువుగారి సంగతి ఇంకా చిక్కు. ఆఫీసరుకు వయసు నిండితే పూలదండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపిస్తారు. మన లెక్చరర్లకూ ఆ రోజు తప్పదు. కానీ ఒక స్వామివారి విషయంలో రిటైర్మెంటు అనే మాట అనడానికే మనకు నోరు రాదు. దేవుడితో సమానమైన మనిషికి ముసలితనమేమిటి అంటారు భక్తులు. ఆ మాటలో భక్తి ఉంది, కాదనను. దయ ఉందా అన్నదే నా ప్రశ్న.

2011 మార్చి 28న సత్యసాయిబాబా పుట్టపర్తిలో తమ సంస్థ ఆసుపత్రిలోనే చేరారు. ఏప్రిల్ 24న కన్నుమూశారు. అప్పటికే కొన్నేళ్ళుగా ఆయన చక్రాల కుర్చీలోనే దర్శనమిస్తున్నారు. ఆ నాలుగు వారాలు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. డాక్టర్ల బులెటిన్లు వస్తూనే ఉన్నాయి, పుకార్లు పుడుతూనే ఉన్నాయి. స్వామి తర్వాత ఎవరు, ట్రస్టు ఎవరి చేతుల్లో ఉంటుంది అని పత్రికల నిండా ప్రశ్నలే. ఉచిత వైద్యం, అనంతపురం జిల్లా ఊళ్ళకు మంచినీళ్ళు, కాలేజీలు, ఇంతమంది బతుకులు ముడిపడిన సంస్థ అది. తర్వాత కూడా ట్రస్టు ఆ పనులు నడిపింది, సంతోషమే. కానీ ఆయన ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నెమ్మదిగా మాట్లాడుకోవలసిన సంగతి, ఆసుపత్రి గేటు బయట ఏడుస్తున్న జనం మధ్య చర్చకు రావలసి వచ్చింది. అది చూసినవాళ్ళకు బాధ కలగక మానదు.

అలాగని మన సంప్రదాయంలో దీనికి దారి లేదా? ఉంది. శృంగేరి పీఠాన్నే చూడండి. చంద్రశేఖర భారతీ స్వామి 1931లోనే అభినవ విద్యాతీర్థులకు సన్యాసమిచ్చి, క్రమంగా మఠం బరువు ఆయనకు అప్పగించి తాము ధ్యానంలో మునిగిపోయారు. శిష్యుడు పీఠమెక్కింది 1954లో. ఆ విద్యాతీర్థుల వారూ 1974లోనే భారతీతీర్థ స్వామిని ఎంచుకున్నారు. ఈయన పీఠాధిపతి అయింది 1989లో. అంటే 15 ఏళ్ళు గురువు పక్కన కూర్చొని పని నేర్చుకున్నారన్నమాట! భారతీతీర్థుల వారు మన తెలుగు కుటుంబంలో పుట్టినవారే. ఆయన 2015 జనవరిలో తిరుపతి కుర్రవాడైన విధుశేఖర భారతికి సన్యాసమిచ్చారు. కంచిలో కూడా 2025 ఏప్రిల్ 30న విజయేంద్ర సరస్వతి స్వామి అన్నవరానికి చెందిన ఒక యువ వేదపండితుణ్ణి తమ వారసుడిగా స్వీకరించారు. వీళ్ళెవరూ పీఠానికి రాజీనామా చేయలేదు. కానీ చేతులు వణకక ముందే రెండో చేతికి బరువు అలవాటు చేశారు. పల్లెల్లో మన తాతలు చేసేదీ ఇదే గదా. కొడుకు చేత కాడి పట్టించి, తాను గట్టు మీద కూర్చొని చూస్తాడు.

ఏకంగా దిగిపోయిన వారూ లేకపోలేదు. 2013 ఫిబ్రవరి 11న పోపు బెనెడిక్టు, తనకు 85 ఏళ్ళ వయసులో, ఈ పనికి కావలసిన బలం ఇక తనలో లేదని కార్డినళ్ళ ముందు చెప్పి, ఆ నెల 28న పదవి వదిలేశారు. సుమారు 600 ఏళ్ళ తర్వాత ఒక పోపు పదవి వదలడం అదే. ఆకాశం విరిగి పడలేదు. ఆయన మరో తొమ్మిదేళ్ళకు పైగా ప్రార్థనలో గడిపి 2022 డిసెంబరు 31న కన్నుమూశారు. ఆ చర్చిలో 75 ఏళ్ళు నిండిన బిషప్పు రాజీనామా సమర్పించాలి, 80 దాటిన కార్డినలుకు పోపు ఎన్నికలో ఓటు లేదు. 2025 మేలో జరిగిన ఎన్నికలో మన హైదరాబాదు కార్డినల్ పూల ఆంథోని గారు పాల్గొన్నది కూడా ఈ నియమాల కిందనే.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది. బెనెడిక్టుకు ముందున్న రెండవ జాన్ పాల్ పార్కిన్సన్ జబ్బుతో వణుకుతూ, చివరికి మాట పడిపోయినా, 2005లో చనిపోయేదాకా పదవిలోనే ఉన్నారు. బాధను ఎలా భరించాలో చూపించడమూ గురువు పనే అన్నారు ఆయనను ప్రేమించినవాళ్ళు. అది కొట్టిపారేయవలసిన మాట కాదు. మంచం పట్టిన తాత ఇంట్లో ఉంటే ఇల్లంతా నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకుంటుంది. అయితే తాత మంచంలో ఉన్నాడని ఇంటి తాళాలు కూడా ఆయన తలగడ కిందే ఉంచుతామా? తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయని పైకి చెబుతూ, లోపల మరెవరో పెత్తనం చేస్తే అది ఆయనకు గౌరవమా? గురువు గొంతు బలహీనపడినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళ గొంతు పెద్దదవుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

మరి గవర్నమెంటు ఉద్యోగానికి మల్లే వయసు గీత గీస్తే సరిపోతుందా? 2018లో తిరుమలలో 65 ఏళ్ళు నిండిన అర్చకులు తప్పుకోవాలని దేవస్థానం బోర్డు తీర్మానిస్తే ఎంత రభస అయిందో, కోర్టుల దాకా ఎలా వెళ్ళిందో అందరికీ తెలుసు. పైనుంచి వచ్చిన గీత మనసుల్ని గాయపరుస్తుంది. ఆ మాట పెద్దాయన నోటి నుంచే రావాలి. వచ్చే వాతావరణం మాత్రం మనమే కల్పించాలి.

అందుకు కష్టమైన పనులేమీ అక్కర్లేదు. గురువుగారికి జబ్బు చేస్తే జబ్బు చేసిందని నిజం చెప్పడం. దర్శనం ఇవ్వలేని రోజున ఇవ్వమని గుమ్మం ముందు పట్టుబట్టకపోవడం. తర్వాత ఎవరన్న ప్రశ్నను అపశకునంగా చూడకపోవడం. దిగిపోయిన మనిషికి దండం పెట్టడం మానకపోవడం. ఈ నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. దిగితే తనను ఎవరూ పలకరించరేమో అనే భయమే చాలామంది పెద్దల్ని కుర్చీకి కట్టేస్తుంది. అది స్వాములకే కాదు, ఊళ్ళో గుడి ధర్మకర్తకూ, పార్టీ నాయకుడికీ, మన ఇంట్లో నాన్నకూ ఉన్న భయమే.

మిత్రులారా, మన యూనియన్ కార్యవర్గం ఏడాదికోసారి మారుతుంది. మనకు దిగిపోవడం చాలా తేలిక, ఎందుకంటే మన ముందు ఇంకా జీవితమంతా ఉంది. జీవితమంతా ఒకే పీఠం మీద గడిపిన మనిషికి అది ఎంత కష్టమో ఒక్క క్షణం ఆలోచించండి. రేపు మీ ఊరి మఠంలోనో, చర్చిలోనో, దర్గాలోనో ఒక ముసలాయన ఇక నావల్ల కాదు నాయనా అంటే, అయ్యో ఎంత మాట అని ఆయన నోరు మూయించకండి. పక్కన కూర్చొని, తర్వాత ఎలా చేద్దామంటారు అని అడగండి.