అబార్షన్ చట్టంలో ‘మహిళ’ అనే ఉంది.. మరి ట్రాన్స్ పురుషుడికి ఆ హక్కు ఉందా?

రామప్ప గుడి ఉన్న పాలంపేట నుంచి వరంగల్ పెద్దాసుపత్రులకు వెళ్లాలంటే 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో గర్భం వద్దనుకున్నవారు అంత దూరం వెళ్లాల్సి రావచ్చు. వెళ్లిన వ్యక్తికి గడ్డం ఉండి, ఆధార్ కార్డులో మగ పేరు ఉంటే? గైనిక్ ఓపీ చీటీ దగ్గరే పని ఆగిపోవచ్చు.

ట్రాన్స్‌జెండర్లకు అబార్షన్ సేవలపై రెండు వాదనలు వినిపిస్తుంటాయి. ‘చట్టంలోనే వాళ్లకు చోటు లేదు’ అన్నది ఒకటి. ‘సర్కారు దవాఖానా అందరిదీ, ఇక అడ్డేముంది’ అన్నది మరొకటి. ఏది ఎంతవరకు నిజం?

ట్రాన్స్‌జెండర్లకు గర్భం వస్తుందా?

ట్రాన్స్‌జెండర్ అనగానే మనలో చాలామందికి హిజ్రాలే గుర్తొస్తారు. ఇక్కడ విషయం వారిది కాదు. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా జీవిస్తున్నవారిది. గర్భసంచి, అండాశయాలు ఉన్నవారికి గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. టెస్టోస్టెరాన్ వాడితే నెలసరి ఆగిపోవచ్చు గానీ, అది గర్భనిరోధకం కాదు. పైగా నెలసరి లేకపోవడం వల్ల గర్భం వచ్చిన సంగతి ఆలస్యంగా తెలియొచ్చు.

2023 ఫిబ్రవరిలో కేరళలోని కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో జహాద్ అనే ట్రాన్స్ పురుషుడు బిడ్డకు జన్మనిచ్చారు. జనన ధ్రువపత్రంలో తండ్రి, తల్లి అని కాకుండా ‘తల్లిదండ్రులు’ అని రాయించుకోవడానికి ఆ జంట హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అనుకూలంగా తీర్పు వచ్చింది 2025 జూన్‌లో.

చట్టం ఏం చెబుతోంది?

1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. అదీ లైంగిక దాడి బాధితులు, మైనర్ల వంటి కొన్ని వర్గాలకే. ఆ తర్వాత తీవ్రమైన పిండలోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది.

చట్టం పాఠంలో ఉన్న మాట ‘మహిళ’. అయితే 2022 సెప్టెంబరు 29న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, తమ తీర్పులో ఆ మాటకు సురక్షిత అబార్షన్ అవసరమయ్యే ఇతర జెండర్ల వారూ వస్తారని స్పష్టం చేసింది. 2024లో మరో తీర్పులో ‘గర్భం దాల్చిన వ్యక్తి’ అనే పదాన్నే వాడింది. కాబట్టి ‘చట్టంలో చోటే లేదు’ అన్న మొదటి వాదన నిలవదు.

మరి అడ్డంకి ఎక్కడ?

తీర్పు మారినంత వేగంగా ఫారాలు మారవు. సమ్మతి తెలిపే ‘ఫారం సి’లో ఫలానా వారి కుమార్తె లేదా భార్య అని నింపాలి. చేర్చుకునేది స్త్రీల వార్డులో. భర్తనో, తల్లినో తీసుకురమ్మని అడగడం పాత అలవాటు. మేజరైతే ఆ వ్యక్తి సమ్మతి ఒక్కటే చాలని, చట్టంలో లేని షరతులు వైద్యులు పెట్టకూడదని అదే 2022 తీర్పు చెప్పింది.

‘ఈ ఇబ్బందులు పల్లెల్లో ఆడవాళ్లందరికీ ఉన్నవేగా’ అనేవారి మాటలో నిజముంది. దూరం, డాక్టర్ల కొరత, నలుగురికీ తెలుస్తుందన్న భయం అందరివీ. ట్రాన్స్ పురుషుడికి వాటిపైన ఇంకొకటి తోడవుతుంది. వైద్యం అడగాలంటే ముందు తానెవరో బయటపెట్టాలి. నిజాం కాలంనాటి హిజ్రాల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలోనే. ట్రాన్స్‌జెండర్లను అనుమానితులుగా చూసిన చట్టం అంతకాలం ఉన్నచోట, సర్కారు గడప తొక్కడానికి జంకడం వింతేమీ కాదు. ఆ జంకుతో మెడికల్ షాపు మాత్రలతో సొంత వైద్యం చేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

ఎంతమంది ఉన్నారు?

2011 జనగణనలో ‘ఇతరులు’గా నమోదైనవారు దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. వారిలో ట్రాన్స్ పురుషులు ఎందరో ఆ లెక్క చెప్పదు. సంఖ్య తెలియకపోవడాన్ని ‘సమస్యే లేదు’ అనడానికి సాక్ష్యంగా చూపలేం. ‘వేలమందిని తిప్పి పంపేస్తున్నారు’ అనడానికీ అది ఆధారం కాదు.

మహిళల హక్కుకు నష్టమా?

లేదు. కోర్టు ‘మహిళ’ అన్న మాటను తీసేయలేదు, దాని పరిధిని పెంచింది. పెళ్లికాని మహిళలకూ 24 వారాల వరకు అవకాశం ఇచ్చింది ఆ తీర్పే. ఒకే తీర్పు ఇద్దరికీ తలుపు తీసింది.

అవసరమైతే గుర్తుంచుకోవాల్సినవి

• అబార్షన్‌కు ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఉండాలని చట్టం ఎక్కడా చెప్పలేదు.
• చట్టంలోని సెక్షన్ 5ఎ ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి.
• మాత్రలతో అబార్షన్ 9 వారాల వరకే, అదీ వైద్యుల పర్యవేక్షణలో.
• హార్మోన్లు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.
• అనుమానం వస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. వారాలు గడిచేకొద్దీ దారులు తగ్గిపోతాయి.

హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇక మారాల్సింది ఓపీ కౌంటర్లో ఉండే ఫారం, దాని వెనక కూర్చున్నవారికి ఇచ్చే శిక్షణ. ఆ పని వైద్యారోగ్య శాఖది.