ఆరోగ్య విషయములు: నొప్పి లేని గడ్డ



విస్సన్నపేటలో ఒక పేరంటమున తాంబూలము పుచ్చుకొని లేవబోవుచుండగా, ఒక ఇల్లాలు నన్ను చాటునకు పిలిచి, "అక్కయ్యగారూ, రొమ్మున చిన్న గడ్డ చేతికి తగులుచున్నది. నొప్పి యేమియు లేదు. ఆవకాయ పని ముగిసిన పిదప చూపించుకొందును. తొందర లేదు గదా?" అని యడిగినది. ఇది మనలో ననేకుల ప్రశ్న. కావున సమాధాన మిచట వ్రాయుచున్నాను.

ప్రతి గడ్డయు కేన్సరు కాదు. పెక్కు గడ్డలు అపాయము లేనివే. అయినను కేన్సరు గడ్డ మొదట తరచుగా నొప్పి పెట్టదు. నొప్పి లేకుండుట క్షేమమునకు గుర్తు కాదు.

పాలనాళముల లోపలి జీవకణములు ఈ-కాడ్హెరిన్ అను మాంసకృత్తుచే ఒకదానినొకటి పట్టుకొనియుండును. నాళము చుట్టును కొల్లాజెను మొదలగు మాంసకృత్తులతో నల్లిన సన్నని పొర కలదు. మామిడితోటకు కంచె వంటిది. కేన్సరు కణములు ఈ పొరలోపల నున్నంతవరకు చికిత్సతో దాదాపుగా నయమగును. దాటిన పిదపను త్వరపడినచో నయమగుట కలదు. కాని ఆలసించినకొలది అవి చంకలోని గ్రంథులకును, ఎముకలకును, ఊపిరితిత్తులకును ప్రాకవచ్చును. ప్రాణము తీయునది విశేషముగా ఈ వ్యాప్తియే.

పొరను దాటుట యెట్లు? 1962లో జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ అను శాస్త్రజ్ఞులు తోకకప్ప తోక కరగిపోవు విధమును శోధించుచు, కొల్లాజెనును త్రుంచు ఎంజైమును కనుగొనిరి. ప్రసవానంతరము గర్భాశయము మరల చిన్నదగుటకును ఇట్టివే తోడ్పడును. మనకు మేలుచేయు ఈ సాధనములనే కేన్సరు కణము తన పనికి వాడుకొనును. తెలుగు ఇంటిపేరు గల కల్లూరి రఘుగారు అమెరికాలో ఈ పొరలోని కొల్లాజెనును గూర్చి పరిశోధించిరి. 2009లో రాబర్ట్ వైన్‌బెర్గుగారితో కలిసి, కణములు తోటివాని పట్టు విడిచి సంచరించు రూపమునకు మారు తీరును ఒక వ్యాసమున వివరించిరి.

అట్లయిన ఆ ఎంజైముల నణచిన చాలదా? 1990 తరువాత అట్టి మందులను రోగులకిచ్చి చూచిరి. ఆశించిన ఫలము కలుగలేదు. కొందరికి కీళ్లనొప్పులు వచ్చినవి. కావున నేటికిని మన చేతిలోనున్న గొప్ప సాధనము కాలమే.

క్రొత్తగా గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి పోయినను, దానినుండి రక్తము స్రవించినను వెంటనే వైద్యులకు చూపవలయును. సూది గ్రుచ్చి పరీక్షించిన వ్యాధి ప్రాకునను భయముతో మానరాదు. ఆ పరీక్షవలననే నిజము తెలియును. భర్తతోడను అత్తగారితోడను చెప్పుటకు సిగ్గుపడవలదు.

ఆ సోదరితో నేనింతియే చెప్పితిని: "అమ్మాయీ, రేపే బయలుదేరుము. మామిడికాయలు మరుసటి యేడును కాయును."