మాంసము మానిన వంటిల్లు



మేమెఱిగిన యొక కుటుంబమున నిరుడు యజమానుని రక్తములో కొలెస్టరాలు హెచ్చినదనియు, మాంసము తగ్గింపవలెననియు వైద్యుడు చెప్పెను. ఒకరికొక వంట, తక్కినవారికొక వంట యేలయని యిల్లాలు ఇంటిల్లిపాదికిని శాకాహారమునే యేర్పఱచెను. ఏడాది తిరుగునప్పటికి యజమానుడు తేరుకొనెను. ఇల్లాలికి మాత్రము నాలుగు మెట్లెక్కినచో ఆయాసము, పగలెల్ల నీరసము, కనుఱెప్పల లోపల తెలుపు. పరీక్షింపగా రక్తహీనత యని తేలినది. “ఈ కూరాకుల తిండి మన యొంటికి సరిపడదు” అని అత్తగారు తీర్పు చెప్పిరి.

నేనాయిల్లాలినడిగినది యొక్కటే: “అమ్మా, నీ విస్తరిలో నేమి యుండును?” అందఱును భోజనము చేసిన పిమ్మట మిగిలిన యన్నము, చారు, ఆవకాయబద్ద, పలుచని మజ్జిగ. పప్పు పిల్లలకే సరిపోవునట. పూర్వము ఆదివారమునాడు కూరలోని రెండు ముక్కలైనను ఆమె వంతునకు వచ్చెడివి, ఇప్పుడదియును లేదు. చేయి కడుగుకొనగానే కాఫీ. శాకమే లేని యీ భోజనమును శాకాహారమనుట యెట్లు?

మాంసము మానుట కష్టము కాదు. మాంసము మనకేమి యిచ్చుచుండెనో దానిని వేఱొక చోటినుండి తెచ్చుకొనుటయే పని. ఇనుమునే చూడుడు. మాంసములోని యినుమును శరీరము సులభముగా గ్రహించును. ఆకుకూరలలోను పప్పులలోను ఉన్న యినుమును అంత సులభముగా గ్రహింపజాలదు. నెలనెలయు రక్తము కోల్పోవు స్త్రీకి పురుషునికంటె ఇనుమెక్కువ కావలెను. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల భారత స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. మాంసము తినువారును వీరిలో నున్నారని మఱువరాదు.

అయితే వంటింటిలోనే యుపాయములున్నవి. తోటకూర పప్పును దింపిన తరువాత నిమ్మకాయ పిండుడు. పొయ్యిమీద నుండగా పిండినచో అందలి సి-విటమిను వేడికి చాలవఱకు నశించును. ఆ పులుపు ఇనుము నొంటబట్టించును. ఉసిరికాయయు, జామపండును అట్టివే. పెసలను నానబెట్టి మొలకెత్తించినచో, ఇనుమును పట్టియుంచు పదార్థము కొంత తగ్గును. కాఫీ, తేనీరు దీనికి విరోధులు. భోజనమునకును వానికిని గంటయైన ఎడముండవలెను. ఈ మాట యెందఱికి రుచించునో నేనెఱుగుదును, నాకును రుచింపదు.

మాంసకృత్తుల కొఱకు దిగులు పడనక్కఱలేదు. అన్నములో కొఱవడినది పప్పులోను, పప్పులో కొఱవడినది అన్నములోను గలదు. కాని పప్పు పప్పుగా నుండవలెను. పప్పు తేట పోసిన చారును పప్పుగా లెక్కింపరాదు.

ఆకుకూరలకు సంబంధించిన ముచ్చట యొకటి. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశోధించెను. ఈస్టునుండి తీసిన సారమిచ్చిన వారు కోలుకొనిరి. అందలి గుణకారియే తరువాత ఫోలిక్ ఆమ్లమని తెలిసినది. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆకుకూరలలో నది సమృద్ధిగా గలదు.

కాని ఏ యాకులోను లేనిది బి-12 విటమిను. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, పెరుగు—వీనియందే యది సహజముగా లభించును. కాలేయమున ఏండ్లకు సరిపడు నిలువ యుండుటచే లోపము వెంటనే బయటపడదు. అరికాళ్ల తిమ్మిరి, నాలుకమంట, మతిమఱుపు మెల్లమెల్లగా వచ్చును. వయస్సు వలననని యూరకుందుము. అట్టివారు తమంతట తామే ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మ్రింగినచో రక్తము బాగుపడినట్లే కనబడును గాని నరములు లోలోపల చెడుచునే యుండును. కావున పరీక్ష చేయించుకొనకయే మాత్రలు వాడరాదు. మాంసము మానినవారు పాలు పెరుగులనైన కడుపునిండ వాడవలెను. వానినిగూడ విడిచినవారికి బి-12 మాత్రలో, అది చేర్చిన యాహారమో తప్పనిసరి.

ఆ యిల్లాలిప్పుడు వైద్యుడు వ్రాసిన ఐరన్ మాత్రలు వాడుచున్నది. పప్పు గిన్నె మార్చినది, ఇప్పటిది పెద్దది. మధ్యాహ్నము పిల్లలతోపాటే తానును కూర్చుండి పెరుగన్నము తినుచున్నది. మెట్లెక్కునప్పుడు మునుపటి యాయాసము లేదట. అత్తగారికి మాత్రము కూరాకులపై నింకను నమ్మకము కుదురలేదు. అయినను కోడలి విస్తరిలో నిమ్మచెక్క వేయుట ఆమె మఱువరు.