సెటర్ కాపలా కాయాలి, పెత్తనం చేయకూడదు

మేము చదువుకునే సాల్ట్ లేక్‌లో సెక్టర్ 5 వైపు వెళితే ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ ఆఫీసులే. వాటిని చూసి మేమూ కంప్యూటర్ ల్యాబ్‌లో జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న ఫారం తయారుచేశాం. పేరు, వయసు, తరగతి - మూడే గడులు. ఆ మూడే మాకు చాలా నేర్పాయి.

మొదట్లో గడిలో టైపు చేసింది ఒకటి, ఆబ్జెక్టులో ఉన్నది ఒకటి, తెర మీద కనిపించేది మరొకటి. ప్రతి బటన్‌కూ అదే తనిఖీ మళ్లీ రాయాల్సి వచ్చేది. గెటర్, సెటర్ వాడాక ఆ తిప్పలు తప్పాయి. ఆబ్జెక్టులోకి విలువ వెళ్లేటప్పుడు సెటర్ నడుస్తుంది, బయటికి తీసేటప్పుడు గెటర్ నడుస్తుంది. తనిఖీ చేయడం, దాచడం, తెరను మార్చడం అన్నీ సెటర్‌లోనే పెట్టాం. 2009లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ 5 ప్రమాణంలో ఇవి చేరాయి. ఒక్క జాగ్రత్త: సెటర్ లోపల మళ్లీ అదే పేరుకు విలువ ఇస్తే అది తనను తానే పిలుచుకుంటూ పోయి, చివరికి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. దాచే చోటుకు వేరే పేరు పెట్టాలి.

అయితే తనిఖీ వేరు, పెత్తనం వేరు. వయసు గడిలోంచి వచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస. 14కు 1 కలిపితే 141 అయింది! సరే, అంకెగా మార్చమని సెటర్‌కు చెప్పాం. అది ఖాళీ గడిని కూడా 0 చేసేసింది. వయసు రాయని అమ్మాయి అప్పుడే పుట్టిన పాపాయి అయిపోయింది.

పేరు దగ్గర మరీ చిక్కు. మన తెలుగువాళ్లు సాధారణంగా ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడి బెంగాలీ మిత్రులు చివర రాస్తారు. పైగా వాళ్లకు ఇంట్లో పిలిచే 'డాక్ నామ్' వేరు, బడిలో రాసే 'భాలో నామ్' వేరు. మొదటి మాటే పేరనుకుని మేము గెటర్ రాశాం. అది మా తెలుగు మిత్రుణ్ణి ఇంటిపేరుతో పిలిచి స్వాగతం చెప్పింది. అందరం నవ్వాం, వాడు నవ్వలేదు. ఇదే తప్పు మార్కుల పత్రం మీదికి ఎక్కితే, దిద్దించుకోవడానికి వాళ్ల నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

అందుకే మా అభిప్రాయం ఇది. పూర్తి పేరుకు ఒకే గడి, పిలిచే పేరుకు ఇంకో గడి ఉండాలి. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచాలి. పేరుకు ముందూ వెనకా ఉన్న ఖాళీలను సెటర్ తీసేయవచ్చు. అంతకు మించి మార్చాలంటే రాసినవాళ్లనే అడగాలి. గేటు దగ్గర కాపలా మనిషి మన పేరు అడగవచ్చు గానీ, కొత్త పేరు పెట్టకూడదు కదా!